ఉప్పు నేలలో గరిక పచ్చిక: వేసవికి ముందే ఖాళీలు పూడ్చే పద్ధతి

హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఈ చివరి భూముల్లో ఎండాకాలం నేల వట్టిగా ఉంటే అడుగున ఉన్న ఉప్పు పైకొచ్చి తెల్లగా పేరుకుంటుంది. అందుకే ఇంటి ముందు పచ్చిక నాకు అందం కోసం కాదు, అది సజీవ ఆచ్ఛాదన.

గరిక ఉప్పును బాగా తట్టుకుంటుంది. చలి ఎక్కువున్న దేశాల్లో శీతాకాలం గరిక గోధుమరంగుకి తిరుగుతుందని దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు. మనకంత చలి లేదు, ఆ ఖర్చు వద్దు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదును మీద మినుము చల్లుతాం కదా, ఇదీ అంతే. కార్తీకంలో నేల పదునుగా ఉన్నప్పుడే చెయ్యాలి. వీడియోలో వరసగా చూపించాను.

1. గడ్డిని రెండంగుళాల ఎత్తుకు కోసి, ఖాళీల్లో మట్టి గీకండి.
2. గరిక తీగల్ని రెండు మూడు కణుపుల ముక్కలుగా నరికి, చిక్కటి పేడనీళ్ళలో కలిపి పరవండి. పైన పలచగా చివికిన ఎరువు చల్లండి.
3. సెంటుకు 100 గ్రాముల పిల్లిపెసర చల్లండి. నేలకు నత్రజని, పశువుకి మేత. పూత దశలో కోసెయ్యండి, లేకపోతే గరికకు నీడ కమ్ముతుంది.
4. వేళ్ళు పట్టేదాకా రోజూ తడి ఇవ్వండి. ఉప్పు బోరు నీళ్ళు మాత్రం వద్దు.
5. జీవామృతం ఎకరానికి 200 లీటర్ల లెక్కన సెంటుకు 2 లీటర్లు, పదిహేను రోజులకోసారి.
6. ఎప్పుడు కోసినా ఎత్తులో మూడో వంతుకు మించి తియ్యొద్దు.

ఒక్క జాగ్రత్త. గరిక ముక్క పడినచోటల్లా పాతుకుంటుంది. కోసిన తీగల్ని పొలంలోకి పోనివ్వకండి, పశువులకి వేసెయ్యండి.