నీ కోటకు నీళ్ళెక్కడివి?

కంభం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన నవల మొదటి అధ్యాయాలూ అందాయి. ఏది రాసినా ఎప్పుడో చూసిన సినిమాలాగో, చదివిన పుస్తకంలాగో ఉంటోందనీ, అందుకని నవల పూర్తయ్యేదాకా ఇంకెవరివీ చదవననీ చూడననీ ఒట్టు పెట్టుకున్నానని రాశావు. ఆ ఒట్టు ఈ రోజే తీసి గట్టున పెట్టు తల్లీ. లేని లోకాన్ని కల్పించాలనుకునే మనిషి చదవడం మానేస్తే అంతకుముందు చదివిన రెండు మూడు పుస్తకాలే మనసులో తిరుగుతుంటాయి. ఏం రాసినా అవే పైకి వస్తాయి. నీకు పట్టుకున్న బెంగ ఎక్కువ చదివినందువల్ల వచ్చింది కాదని నా గట్టి నమ్మకం. చాలినంత చదవకపోవడం వల్లే వచ్చింది.

మన ఊళ్ళో రైలెక్కితే గిద్దలూరు, దిగువమెట్ట మీదుగా నల్లమల దాటి నంద్యాలలో దిగుతాం కదా. పదహారో శతాబ్దంలో ఆ నంద్యాలను ఏలిన కృష్ణమరాజుకు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చాడు. తెలుగులో కల్పిత లోకాల గురించి ఎవరడిగినా నేను ఆ కావ్యంతోనే మొదలుపెడతాను. ఆ కాలపు కవులు చాలామంది పురాణంలో ఉన్న చిన్న కథను తీసుకుని పెంచి ప్రబంధం చేసేవారు. సూరన కథను తానే అల్లాడు. అయినా అందులో తిరిగేవాళ్ళెవరో చూడు: నారదుడు, తుంబురుడు, రంభ, నలకూబరుడు, ద్వారకలో కృష్ణుడి భార్యలు. వినేవాళ్ళకు వీళ్ళంతా ముందే తెలుసు. తుంబురుడి పాట మీద నారదుడి అసూయ కూడా పాత పురాణాల్లో ఉన్నదే. ఈ తెలిసినవాళ్ళ మధ్యకు సూరన తన కలభాషిణినీ, మణికంధరుణ్ణీ తీసుకొచ్చాడు. రూపాలు మారిపోయి ఇద్దరు రంభలు ఎదురెదురుగా నిలబడే చిక్కు కల్పించాడు. అన్నిటికంటే గొప్ప సంగతి ఇంకొకటుంది. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమ్మీద జరిగి తీరుతుంది. ఈ నియమం మీదే కావ్యమంతా నిలబడింది. మనుషుల్నీ తగాదాల్నీ సూరన పాతవాళ్ళ దగ్గర తీసుకున్నాడు, ఆ లోకం నడిచే నియమాన్ని మాత్రం తానే పెట్టాడు. నువ్వు ఆ కావ్యాన్ని వ్యాఖ్యానం దగ్గర పెట్టుకునైనా ఒకసారి చదవాలి. పద్యం కష్టమనిపిస్తే ముందు కథ తెలుసుకుని, తర్వాత పద్యంలోకి వెళ్ళు.

సూరన ఇంటిపేరే ఉన్న పింగళి నాగేంద్రరావు నాలుగు వందల ఏళ్ళ తర్వాత సినిమాకు అలాంటి పనే చేశాడు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ మూలమని చెబుతారు. అల్లాఉద్దీన్ అద్భుతదీపం పోలిక కూడా అందులో దాచినా దాగదు. పేదింటి కుర్రవాడు, వాడితో పని ఉన్న మాంత్రికుడు, కోరిందల్లా ఇచ్చే వస్తువు, రెక్కలొచ్చినట్టు ఎగిరిపోయే మేడ, అన్నీ ఉన్నాయి. అయితే దీపం రుద్దితే భూతం ఊరికే వచ్చి చేతులు కట్టుకుంటుంది. పాతాళభైరవి అలా రాదు, ఒక సాహసవంతుణ్ణి బలి ఇవ్వాలి. మన పల్లెల్లో శక్తికి మొక్కేవాళ్ళకు ఆ లెక్క పుట్టుకతో తెలుసు. ఆ ఒక్క మార్పుతో అరబ్బు కథ మన కథ అయింది. ఎవరి కథలో నుంచైనా ఒక మంత్రవస్తువును తెచ్చుకున్నప్పుడు, మన ఊరివాళ్ళయితే దానికి ఏం చెల్లించాలని అనుకుంటారో అడిగి చూడు.

‘మాయాబజార్’ సంగతీ అంతే. శశిరేఖ పెళ్ళి కథ వ్యాస భారతంలో లేదు. నాటకాల్లో ఆడి, 1936లోనే ఒకసారి సినిమాగా వచ్చి, ‘మాయాబజార్’ వచ్చిన 1957 నాటికి జనమంతా ఎరిగిన కథ అయిపోయింది. అంత అరిగిన కథలో పింగళి ఘటోత్కచుడి ఊరికి వేరే మాటలే పుట్టించాడు. గిల్పం, గింబళి, వీరతాడు అంటుంటే ఆ రాక్షసులకు సొంత బడి, సొంత కొలువు, సొంత మర్యాదలు ఉన్నాయని మనకు నమ్మకం కుదురుతుంది. ‘చందమామ’ వాళ్ళు కూడా పాత బేతాళ కథలు ఇరవై ఐదూ అయిపోయినా చెట్టునీ శవాన్నీ విక్రమార్కుడి మౌనాన్నీ అలాగే ఉంచుకుని దశాబ్దాలపాటు కొత్త కథలు చెప్పారు. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ లాంటి సీరియళ్ళు మా తరం మొత్తాన్ని పెంచాయి. సంపుటాలు దొరికితే వదలకు. ఒక్కో అధ్యాయాన్ని ఎక్కడ ఆపాడో చూస్తే చాలు, సగం విద్య వస్తుంది.

ఇక నీ రాత దగ్గరికి వస్తాను. భాష బాగుంది. ఆ ముసలి కావలివాడు నాకు బాగా నచ్చాడు. కానీ కొండ మీద ఏడు ప్రాకారాల కోట పెట్టావు, వేలమంది సైన్యాన్ని పెట్టావు, గుర్రాల్నీ ఏనుగుల్నీ పెట్టావు. ఆ కోటకు నీళ్ళెక్కడివి తల్లీ? ఎవరు మోస్తారు? ఎండాకాలం ఏం చేస్తారు? సినిమాలో కోట నాలుగు నిమిషాలు కనిపించి పోతుంది, చూసేవాడికి ఆ అనుమానం రాదు. నవల చదివేవాడు ఆ కోటలో వారం రోజులు కాపురముంటాడు, వాడికి దాహమవుతుంది. నువ్వు కోటను చూసి తెచ్చుకున్నావు, దాన్ని నిలబెట్టిన వాటిని తెచ్చుకోలేదు. ఎవరి పనైనా చూసేటప్పుడు బొమ్మ దగ్గర ఆగిపోకుండా దాని వెనక్కి వెళ్ళాలి.

నువ్వు అంతగా మెచ్చుకునే టోల్కీన్‌నే చూడు. తన మరుగుజ్జుల పేర్లు చాలావరకూ, మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు కూడా, పాత ఐస్‌లాండు భాషలోని ‘వొలుస్పా’ అనే కావ్యంలో ఉన్న పట్టికలోంచి ఎత్తుకున్నాడు. తన భాషకు చుట్టాలైన పాత భాషల్ని ఆయన అంత శ్రద్ధగా చదివాడు. ఆయన మరుగుజ్జుల్ని నువ్వు తెచ్చుకుంటే నీకు దక్కేది ఆయన వండి తినగా మిగిలినదే. జపాన్ దర్శకుడు మియజాకి 1986లో ఆకాశంలో తేలే కోట కథ తీశాడు. ఆ కోటకు లాపూటా అన్న పేరు గలివర్ యాత్రల్లోది. కింద ఉన్న గనుల ఊరు ఆయన వేల్స్ వెళ్ళి చూసివచ్చిన గని ఊళ్ళ పోలిక. పుస్తకం ఒకటి, కళ్ళారా చూసిన చోటు ఒకటి. రెండూ కలిస్తేనే ఆ లోకం పుట్టింది.

నీకు చోటు కావాలంటే మన కంభం చెరువు ఉంది. రెండు కొండల సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేస్తే వెనక సుమారు ఏడు కిలోమీటర్ల పొడవున నీళ్ళు నిలిచాయి. విజయనగర కాలపు పని. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్టించింది గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య అని చెప్పుకుంటారు. వరదరాజమ్మ అని కొందరు, రుచిదేవి అని కొందరు, తుక్కాదేవి అని ఇంకొందరు. రాయలు ఆదరించకపోతే ఇక్కడికొచ్చి ఉండిపోయిందని కూడా అంటారు. అందులో చరిత్ర ఎంతో పండితులు తేలుస్తారు. నీకు మాత్రం అక్కడ ఒక రాజ్యమే ఉంది. రాజు దూరం చేసిన రాణి చేతిలో తూము తాళం ఉంటే కింద ఆయకట్టు ఎవరి మాట వింటుంది? వాన ముఖం చాటేసిన ఏడు ఎవరి మడికి ముందు నీళ్ళు వదులుతారు? ఆ తగాదా తీర్చేది ఎవరు? కట్ట మీద నిలబడి ఒక సాయంత్రం ఈ ప్రశ్నలు రాసుకో.

చోట్లకు కొదవలేదు. మార్కాపురం గనుల్లో పొరలు పొరలుగా చీలే నల్లరాయి పలకలై దేశమంతటా పిల్లల చేతుల్లోకి వెళ్ళింది. శాసనాలన్నీ పలకల మీద రాసుకునే రాజ్యంలో, చేత్తో తుడిస్తే చట్టం చెరిగిపోయే చోట, మనుషులు ఎలా బతుకుతారో ఊహించు. భైరవకోనలో ఒకే కొండను తొలిచి ఎనిమిది గుళ్ళు చేశారు. దాన్ని చూడకుండా గుహాలయం గురించి రాయకు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా ఉండు. నల్లమల అంటే చెంచులు గుర్తొస్తారు. నరసింహస్వామి తమ ఇంటి ఆడపిల్లను పెళ్ళాడాడని వాళ్ళు చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. కానీ వాళ్ళ నమ్మకాల్నీ మొక్కుల్నీ మంత్రగాళ్ళ తంతుగా మార్చి నవలలో వాడేయడం నాకు సమ్మతం కాదు. వాళ్ళ దగ్గర కూర్చుని, విని, అడిగి తీసుకో. వద్దంటే వదిలెయ్. బతికున్న రచయితల విషయంలో గీత ఇంకా స్పష్టంగా ఉంది. పద్ధతి నేర్చుకోవచ్చు. పాత్రనూ, సన్నివేశాన్నీ, కల్పించిన పేరునూ ఎత్తుకొస్తే అది దొంగతనమే. పేరు మార్చినంత మాత్రాన ఒప్పైపోదు.

తీసుకున్న సంగతి చెప్పుకోవడానికి మొహమాటపడకు. మన కవులు కావ్యం మొదట్లోనే పూర్వకవి స్తుతి చేసేవారు. ఎవరిని చదివి తామింతవాళ్ళయ్యారో సభలో అందరూ వినేలా చెప్పి, తర్వాతే కథలోకి దిగేవారు. నువ్వు కూడా ఇప్పుడే ఒక నోటు పుస్తకం తీసి, ఎవరి దగ్గర ఏం తీసుకున్నావో, దాన్ని ఎలా మార్చావో రాయడం మొదలుపెట్టు. నవల అచ్చయినప్పుడు అదే నీ ముందుమాట అవుతుంది. దసరాకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకురా, మొదట దాన్నే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న