ఎండాకాలం అక్వేరియం: ఫిల్టర్ పైపు ఎటు తిప్పాలి?

మే నెలలో నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఎండ నలభై దాటితే తొట్టిలో నీళ్లూ వేడెక్కుతాయి. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే, 35 డిగ్రీలవి 7 కూడా పట్టుకోలేవు. చేపకేమో వేడిలోనే ఊపిరి ఎక్కువ కావాలి. క్యానిస్టర్ ఫిల్టర్ ఉంటే కొత్తగా ఏమీ కొనకుండా, నీళ్లు తిరిగొచ్చే పైపు సర్దుకుని చూడండి.

1. ఆక్సిజన్ దిగేది నీటి పైభాగం నుంచే. ఆ పైపు చివరనుండే రంధ్రాల గొట్టాన్ని, అంటే స్ప్రే బార్‌ను, నీటిమట్టానికి అంగుళం కిందుంచి, రంధ్రాలను కాస్త పైకి తిప్పండి. బుడగలు రాకపోయినా ఫర్వాలేదు. లైటు వెలుగు అడుగు ఇసుక మీద అలలు అలలుగా కదిలితే చాలు.

2. నీళ్లపై నూనెలాంటి పొర కడితే కదలిక చాలనట్టే. టిష్యూ పరిచి తీస్తే ఆ పూటకు పోతుంది. మళ్లీ వస్తే పైపు కోణం మార్చండి.

3. వేగం తగ్గించాలంటే నీళ్లు బయటికొచ్చే వైపు ట్యాపే తిప్పాలి. లాక్కునే వైపు మూస్తే మోటారుకు నీళ్లందవు.

4. ఇక మన బోరు నీళ్లు. కోవెలకుంట్ల, బేతంచెర్ల చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. ఇలాంటి చోట బోరు నీళ్లు వాడితే స్ప్రే బార్ రంధ్రాలకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఒక చివర నీళ్లు చిమ్ముతూ, ఇంకో చివర నీరసంగా కారుతుంటే అదే సంగతి. బార్ ఊడదీసి గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి, అగరబత్తి పుల్లతో ఒక్కో రంధ్రం పొడిచి, బాగా కడిగి బిగించండి. రంధ్రాలు పెద్దవి చేయడానికి డ్రిల్లు మాత్రం పట్టకండి, ఉన్న ధార కూడా పడిపోతుంది. అందానికి తొట్టిలో బండముక్క వేసేవాళ్లు ముందు దానిపై వెనిగర్ చుక్క వేయండి. నురగొస్తే సున్నపురాయే, నీళ్ల కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర తెచ్చుకున్న రాతిముక్కకైనా ఇదే పరీక్ష.

5. నీళ్లు ఆవిరై బార్ బయటపడితే రాత్రంతా జలజల చప్పుడే. తగ్గినంత మేరకు ఆర్‌వో నీళ్లు పోయండి. మళ్లీ బోరు నీళ్లే పోస్తే సున్నం పేరుకుంటుంది.

6. ఫైటర్ చేపకు ధార పడదు, పైపును అద్దం వైపు తిప్పండి. గోల్డ్‌ఫిష్‌కు ధారాళంగా వదలొచ్చు. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ పెట్టేవాళ్లు పగలు కదలిక తగ్గించి, రాత్రి పెంచాలి. చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ తీసుకుంటాయి, అందుకే చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

7. కరెంటు పోతే చెంబుతో తొట్టి నీళ్లే తీసి కాస్త ఎత్తు నుంచి పోస్తుండండి. బ్యాటరీ గాలి పంపు ఉంటే మరీ మంచిది. కరెంటు గంటల తరబడి రాకపోతే మూసిన ఫిల్టర్‌లో నీళ్లు కుళ్లు వాసనేస్తాయి. ఆ నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి, తర్వాత స్విచ్ వేయండి.