తిరిగే నీటిలో కబురు మోసే అల



తిరిగే నీటిలో మెల్లగా కదిలే వస్తువుకు పైన, దానితోపాటే సాగే నీటి స్తంభం గురించి నువ్వడిగావు. దానికి పాఠ్యపుస్తకం ఇచ్చే జవాబు సగమే. 1923లో జి.ఐ. టేలర్ నీళ్ల తొట్టిని ఒకే వేగంతో తిప్పుతూ, అడుగున ఒక పొట్టి స్థూపాన్ని మెల్లగా పక్కకు జరిపాడు. స్థూపానికి చాలా ఎత్తున వదిలిన రంగు కూడా అక్కడేదో అడ్డున్నట్టే రెండుగా చీలిపోయింది. భ్రమణం వేగంగా, కదలిక నెమ్మదిగా ఉన్నప్పుడు అక్షం వెంబడి ప్రవాహం మారకూడదని 1916లోనే ప్రౌడ్‌మన్ గణితంతో చూపాడు. సరే, స్తంభం ఉండాల్సిందే. కానీ కింద వస్తువుందన్న కబురు పైనీటికి ఎలా చేరింది? దీనికి ఆ సూత్రం నోరు విప్పదు. నన్నడిగితే, ఆ స్తంభం వస్తువు లేపిన తరంగాల జాడే.

తిరిగే నీటిలో చోటు కదిలిన నీటిని కొరియాలిస్ బలం వంచి వెనక్కి తిప్పుతుంది. ఆ ఊగిసలాటే జడత్వ తరంగం. తొట్టి ఒక్క చుట్టు తిరిగేలోపు అది రెండుసార్లకు మించి ఊగలేదు. ఇంకో వింత: శిఖరాలు ఒకవైపు సాగితే శక్తి దానికి లంబంగా పోతుంది. అల సాగే దిశ అక్షానికి సరిగ్గా అడ్డంగా ఉంటే ఊగడమే ఆగిపోతుంది, శక్తి మాత్రం చుట్టుకు రెండు తరంగదైర్ఘ్యాల చొప్పున అక్షం వెంట పరుగెడుతుంది. తొట్టి 2 సెకన్లకో చుట్టు తిరుగుతూ, అల పొడవు 6 సెం.మీ. ఉంటే, సెకనుకు 6 సెం.మీ. అన్నమాట. “మరి అల కనబడదేం?” అంటావు. ఊగని అల కంటికెలా ఆనుతుంది? వస్తువునే ఊపి చూడు, శక్తి శంకువుల్లా విచ్చుకుంటుంది. చుట్టుకు రెండుసార్లకన్నా వేగంగా ఊపితే ఆ శంకువులు మాయమవుతాయి. జిగటే నీటిని ఈడ్చుకుపోతోందని కూడా అనవచ్చు. అదే నిజమైతే జిగట పెరిగేకొద్దీ స్తంభం పొడవెక్కాలి. జరిగేది తలకిందులు: జిగట అలను తినేస్తుంది, స్తంభం పొట్టిదవుతుంది.

వస్తువును అక్షం వెంబడే లాగితే విషయం ఇంకా తేటపడుతుంది. పోలికకు ఓడను తీసుకో: లోతు నీటిలో దాని వెనక పుట్టే అలలకు రకరకాల పొడవులుంటాయి, వాటిని ఇముడ్చుకున్న కోణం మాత్రం వేగంతో మారదు. కెల్విన్ లెక్కలో అది ఇరుపక్కలా 19.5 డిగ్రీలు. తిరిగే నీటిలో అంతా తారుమారు. వస్తువుతోపాటు నిలకడగా సాగే అలలన్నిటికీ పొడవొకటే: తొట్టి అరచుట్టు తిరిగేలోపు వస్తువు నడిచిన దూరం. వాటి శిఖరాలు వెనకవైపు అర్ధగోళాలుగా పరుచుకుంటాయి. అంతకన్నా పొడవైన ఊగని అలలు వస్తువును దాటి ముందుకురుకుతాయి, ముందరి నీటిని తోసేది అవే. అయితే వస్తువు తన పరిమాణానికి మించి మరీ పొడవైన అలలను బలంగా లేపలేదు. అందుకే లాగే వేగం పెంచుతూ పోతే ఒక దశలో ముందున్న స్తంభం చెదిరిపోతుంది, వెనక అలలే మిగులుతాయి.