తుప్పు ఎందుకు పడుతుంది నాన్నా?

మన వన్ టౌన్‌లో ఇనుప గేటుకు ఎన్నిసార్లు రంగు వేయించినా నిలవదు. సముద్రపు గాలి అలాంటిది. "తుప్పు ఎందుకు పడుతుంది నాన్నా?" అని ఆరేళ్ల బిడ్డ అడిగితే, "దేవుడు అలా చేశాడు, పోయి చదువుకో" అని పంపించే తల్లిదండ్రులున్నారు. అది భక్తి కాదు, బద్ధకం. దేవుడు అన్నిటికీ తొలి కారణమైనా, తాను సృజించిన వాటికి కూడా కారణమయ్యే శక్తినిచ్చాడని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. పన్నెండేళ్ల బాలయేసు దేవాలయంలో బోధకులను ప్రశ్నలడిగితే ఎవరూ ఆయన నోరు మూయించలేదు గదా!

అలాగని బిడ్డకు ఉపన్యాసమూ వద్దు. పూతలేని ఇనుప మేకులు మూడు, గాజు సీసాలు మూడు తీసుకోండి. ఒకదానిలో మేకు సగం మునిగేలా మంచినీళ్లు, రెండవదానిలో అలాగే ఉప్పునీళ్లు పోయండి. మూడవదానిలో కాచి చల్లార్చిన నీళ్లలో మేకును పూర్తిగా ముంచి, పైన నూనె పోయండి. ఏది ముందు తుప్పు పడుతుందో బిడ్డచేత ముందే చెప్పించి కాగితం మీద రాయించండి. ఊహ తప్పితే నవ్వకండి. నవ్వితే మరోసారి అడగడు.

కొద్ది రోజుల్లో మొదటి రెండూ తుప్పు పడతాయి, ఉప్పునీళ్లలోది ఎక్కువగా. నూనె కిందిది చాలాకాలం అలాగే ఉంటుంది. కాచినప్పుడు నీళ్లలోని గాలి పోయింది, నూనె కొత్త గాలిని రానివ్వలేదు. తుప్పుకు నీరూ గాలీ రెండూ కావాలి, ఉప్పు దాన్ని త్వరపెడుతుంది. ఓడకు రంగెందుకు వేస్తారో పోర్టులో పనిచేసే తండ్రి ఇప్పుడు బిడ్డనే అడగవచ్చు.

పరికరాలు లేవని కొందరంటారు. 1840లో గొడే వెంకట జగ్గారావు గారు మన విశాఖలోనే సొంతంగా నక్షత్ర పరిశీలనశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఇక్కడినుంచే పరిశీలించారు. వారు దూరదర్శిని కొనగల జమీందారులు. మనకు ఒక కర్ర చాలు. మే రెండవ వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన నిలిచే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుల్లో పన్నెండు గంటల వేళ డాబా మీద కర్ర నిలబెట్టి, నీడ ఎటు పోయిందో బిడ్డను వెదకమనండి. సూర్యుని వైపు మాత్రం చూడనివ్వకండి. దారానికి రాయి కట్టి కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూసుకోవాలి. ఆగస్టులో మబ్బు పడితే మళ్లీ మే దాకా ఆగాల్సిందే.