ఎంట్రెన్స్ మారిందంటే కంగారొద్దు: కోవిల్‌పట్టి, విరుదునగర్ ఇళ్లకు ఫార్మసీ చిట్కాలు

పిల్ల ప్లస్ టూకి వచ్చిందంటే చాలు, కోవిల్‌పట్టి, విరుదునగర్ తెలుగిళ్లలో "ఫార్మసీ ఎంట్రెన్స్ మళ్లీ మారిందంట కదా" అన్న మాట మొదలవుతుంది. మారిన పరీక్షలు ఉన్న మాట నిజమే. అవి మీ పిల్ల రాయాల్సినవేనా అన్నది వేరే సంగతి.

1. ఏ రాష్ట్రం సీటో ముందు తేల్చుకోండి. తమిళనాడులో బీఫార్మసీకి ఎంట్రెన్సే లేదు. 2006లో చేసిన చట్టంతో వృత్తి కోర్సుల ప్రవేశ పరీక్షను రాష్ట్రం ఎత్తేసింది. తర్వాత నీట్ వచ్చి ఎంబీబీఎస్, బీడీఎస్‌లను పట్టుకుంది గానీ బీఫార్మసీ జోలికి రాలేదు. ప్లస్ టూ మార్కులు చూసి చెన్నై కీళ్పాక్‌లోని సెలక్షన్ కమిటీ ర్యాంకు లిస్టు వేస్తుంది, కౌన్సెలింగ్ జరుపుతుంది. "నీట్ రాస్తేనే ఫార్మసీ" అంటూ ఎవరైనా క్రాష్ కోర్సు అంటగట్టబోతే, ఆ డబ్బు బీరువాలోనే ఉండనివ్వండి.

2. ఎంట్రెన్స్ లేదు కాబట్టి ప్రతి మార్కూ సీటు మార్కే. సైన్సు సబ్జెక్టుకు థియరీ 70, ప్రాక్టికల్ 20, ఇంటర్నల్ 10. ఈ చివరి 30 దగ్గర ఇంటివాళ్ల చేతిలో ఉన్నది చాలానే ఉంది. మేనమామ కూతురి పెళ్లనీ, కులదేవత పొంగలనీ, కొట్లో మనిషి లేడనీ బడి మాన్పించకండి. రికార్డు నోటు ఆఖరి వారంలో రాత్రంతా కూర్చుని నింపేది కాదు. ప్రాక్టికల్ అయిన సాయంత్రమే రాసిందా అని అమ్మో, నాయనో ఒక్క మాట అడిగితే సరిపోతుంది.

3. ప్లస్ వన్ పుస్తకాలు పాత పేపర్లవాడికి వేయకండి. 2025 ఆగస్టులో వచ్చిన రాష్ట్ర విద్యా విధానంతో 2025-26 నుంచి ప్లస్ వన్ పబ్లిక్ పరీక్ష పోయింది. పిల్లలకు ఊరటే. కానీ అసలు 2017-18లో ఆ పరీక్ష పెట్టిందే, కొన్ని బళ్లు ప్లస్ వన్ పాఠాలు వదిలేసి రెండేళ్లూ ప్లస్ టూయే రుద్దుతున్నాయని. మళ్లీ ఆ పాత అలవాటు తిరిగొస్తే నష్టపోయేది బయటి రాష్ట్రంలో పరీక్ష రాసే పిల్లలు, ఎందుకంటే అక్కడ ప్రశ్నలు రెండేళ్ల సిలబస్ నుంచీ వస్తాయి. సెలవుల్లో ప్లస్ వన్ కెమిస్ట్రీ ఒకసారి తిరగేయించండి.

4. "మా ఊరికి పంపించు వదినా, ఇక్కడ ఎంసెట్ రాయిస్తాం" అని నెల్లూరు చుట్టాలు పిలిస్తే, పెట్టె సర్దే ముందు లోకల్ రూలు చదవండి. ఆంధ్రాలో కన్వీనర్ సీట్లలో, అంటే సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం స్థానికులవి. స్థానికత రావాలంటే, మామూలుగా అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో ఉంచినంత మాత్రాన పిల్ల లోకల్ అయిపోదు. మిగతా 15 శాతానికీ షరతులున్నాయి: తల్లో తండ్రో ఆ రాష్ట్రంలో పదేళ్లు ఉండి ఉండటం లాంటివి. తెలంగాణ 2025లో తన నిబంధనలు మార్చి, ఆ 15 శాతాన్ని కూడా తమ రాష్ట్రంతో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. తాతల నాడు ఎప్పుడో ఆ వైపు నుంచి వచ్చామన్న లెక్క కౌన్సెలింగ్‌లో పనికిరాదు. ఇక మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు. దాని ఫీజు వేరే కథ.

5. అయినా రాయిస్తామంటే, ఇప్పటి పరీక్ష పేరుతో సహా తెలుసుకోండి. మెడిసిన్ నీట్‌కు పోయాక ఎంసెట్‌లో 'ఎం' మిగల్లేదు; ఆంధ్రాలో 2021 నుంచీ, తెలంగాణలో 2024 నుంచీ దాని పేరు ఈఏపీసెట్. మూడు గంటలు, 160 ప్రశ్నలు: బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దని చెప్పండి. తెలంగాణ 2023లో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేసింది, ఆంధ్రా 25 శాతం ఉంచుకుంది. ఒక రాష్ట్రం గైడు చదివి ఇంకో రాష్ట్రం ర్యాంకు లెక్కేయకండి.

మన ఇళ్లకే ఉన్న చిక్కు ఇంకోటుంది. పిల్ల ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవాలంటే మాత్రం తమిళమే వచ్చు. ఆంధ్రా పేపరు ఇంగ్లిషు, తెలుగుల్లో ఉంటుంది, తమిళం ఉండదు. "మన భాషే కదా" అని తెలుగు మీద ధీమా పెట్టుకుంటే పరీక్ష హాల్లో అక్షరాలు కూడబలుక్కోవాల్సి వస్తుంది. తమిళ మీడియం పిల్లయితే ప్లస్ వన్ నుంచే ఒక నోటు పెట్టి, ప్రతి పాఠంలోని సైన్సు మాటలను ఇంగ్లిషులో పక్కన రాయించండి.

6. పేర్లు ఒకేలా ఉండాలి. మన దగ్గర పేరుకు ముందు తండ్రి పేరు ఇనిషియల్. ఆంధ్రాలో పేరుకు ముందు ఇంటిపేరు రాస్తారు. ఆధార్‌లో ఒకటి, మార్క్‌షీట్‌లో ఒకటి ఉంటే ప్లస్ టూ పరీక్షలకు ముందే సరిచేయించండి. కమ్యూనిటీ, ఆదాయ, నేటివిటీ సర్టిఫికెట్ల కోసం ఈ-సేవై కేంద్రానికి మే నెలలో వెళ్తే ఊరంతా అక్కడే ఉంటుంది. ఇంకో మాట, తమిళనాడు బీసీ సర్టిఫికెట్టుతో ఆంధ్రాలో రిజర్వేషన్ రాదు.

7. డీఫార్మసీ వైపు చూస్తున్నారా? అక్కడ చేరేటప్పుడు కాదు, బయటికొచ్చేటప్పుడు పరీక్ష. ఫార్మసీ కౌన్సిల్ 2022లో ఎగ్జిట్ ఎగ్జామ్ నిబంధనలు తెచ్చింది. మూడు పేపర్లు, ఒక్కోదాంట్లో 50 శాతం రావాలి, అదీ ఒకే విడతలో. మెడికల్ షాపు పెట్టాలనుకునే కుటుంబాలు రెండేళ్లు చదివితే చాలన్న పాత లెక్క వదులుకోవాలి.

8. బీఫార్మసీ అయ్యాక ఎంఫార్మసీ కోసం రాసే జీప్యాట్ చేతులు మారుతూ వచ్చింది: ముందు ఏఐసీటీఈ, 2019 నుంచి ఎన్‌టీఏ, 2024 నుంచి ఎన్‌బీఈఎంఎస్. 125 ప్రశ్నలు, సరైన జవాబుకు 4, తప్పుకు ఒక మార్కు కోత. ఎన్‌బీఈఎంఎస్ తన పరీక్షల్లో సెక్షన్‌కు ఇంత టైమని కట్టేసే పద్ధతి తెచ్చింది. టైము అయిపోయిన సెక్షన్‌లోకి తిరిగి వెళ్లలేరు. "కష్టమైనవి చివర్లో చూద్దాం" అన్న అన్నల సలహా దీనికి కుదరదు. ఇంట్లో ప్రాక్టీసు కూడా గడియారం పెట్టి, ముక్కలు ముక్కలుగా చేయించండి.

9. కాలేజీ భవనం చూసి మురిసిపోకండి. ఫార్మసీ కౌన్సిల్ అనుమతి ఆ ఏడాదికి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూడండి. అనుమతి లేని చోట చదివితే ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ కాదు. సర్కారు సీటు కావాలంటే దగ్గర్లో మదురై మెడికల్ కాలేజీలో బీఫార్మసీ ఉంది, రెండు ఊళ్లకూ రైలు సౌకర్యమే. ప్రైవేటులో విరుదునగర్ జిల్లాలోనే కృష్ణన్‌కోవిల్‌లో కలశలింగం ఫార్మసీ కాలేజీ ఉంది.

10. అమెరికా చుట్టాలు పీక్యాట్ పుస్తకం పంపిస్తామంటే వద్దనండి. అక్కడి ఆ ఫార్మసీ ఎంట్రెన్స్ 2024 జనవరితో ఆగిపోయింది.

11. అప్లికేషన్‌లో ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరే ఇవ్వండి, బ్రౌజింగ్ సెంటర్ కుర్రాడిది కాదు. సీటు చేతికొచ్చే దాకా ఆ సిమ్‌కు రీఛార్జి ఆపకండి. ఓటీపీ దానికే వస్తుంది.