టోక్యో సల్సా బార్‌కు ఒంటరిగా వెళ్లొచ్చా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా టోక్యో వచ్చాను. హైదరాబాద్‌లో కొన్నాళ్లు సల్సా నేర్చుకున్నాను. రొప్పొంగిలోని సల్సా బార్‌కు వెళ్లాలనుంది. తోడు లేరు, మద్యం తాగను, జపనీస్ అంతంతమాత్రం. ఇబ్బంది పడతానా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిశ్చింతగా వెళ్లండమ్మా. అక్కడికి చాలామంది ఒంటరిగానే వస్తారు. పాటకొకరితో డ్యాన్స్ చేయడమే పద్ధతి. ఎవరూ పిలవకపోతే చిన్నబుచ్చుకోకండి. అవతలివాళ్లూ మొహమాటపడుతుంటారు. మీరే వెళ్లి, కాస్త తల వంచి ‘ఒదొరిమాసెన్ కా’ అనండి, డ్యాన్స్ చేద్దామా అని. పాట అయ్యాక ‘అరిగతో’ చెప్పి పక్కకు రావాలి. ఎవరైనా పిలిచినప్పుడు మీకు ఇష్టం లేకపోతే నవ్వుతూ చేయి అడ్డంగా ఊపితే చాలు.

కొన్నిచోట్ల డ్యాన్స్ మొదలయ్యే ముందు పాఠం ఉంటుంది. తొలిసారి ఆ వేళకే వెళ్లండి, ముఖాలు పరిచయమవుతాయి. జాగా ఇరుకు కాబట్టి అడుగులు చిన్నవిగా వేయండి, పెద్ద తిప్పుళ్లు వద్దు. చెమట తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు తప్పనిసరి.

ప్రవేశ రుసుములో తరచూ ఒక డ్రింక్ కలిసే ఉంటుంది. ఊలాంగ్ టీ అడగండి, ఎవరూ వింతగా చూడరు. కూర్చునే బార్లలో అడగకుండానే ‘ఒతోషి’ అనే చిరుతిండి పెట్టి బిల్లులో వేస్తారు. శాకాహారులైతే ముందే కనుక్కోండి, చేప ఉండొచ్చు. టిప్పు అక్కర్లేదు.

చివరి రైలు అర్ధరాత్రి ప్రాంతంలో వెళ్లిపోతుంది, ట్యాక్సీ జేబుకు చిల్లే. వీధిలో చేయిపట్టి పిలిచే దళారుల వెంట మాత్రం అస్సలు వెళ్లొద్దు.

ఎవరైనా హద్దు మీరితే వెంటనే బార్ సిబ్బందికి చెప్పండి. బిల్లు విషయంలో బెదిరించినా, ఎవరైనా వెంటపడినా దగ్గర్లోని ‘కోబాన్’ పోలీసు చౌకీకి వెళ్లండి, లేదా 110కి ఫోన్ చేయండి.