యాక్యురేటా? ప్రిసైజా?

విద్యార్థులారా! ఇంగ్లీషులో 'యాక్యురేట్', 'ప్రిసైజ్' అనే రెండు మాటలున్నాయి. మామూలుగా రెండింటికీ 'ఖచ్చితమైన' అనే అర్థం చెప్పుకుంటాం. మరి ప్రయోగశాలలో ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చునా?

సరిగ్గా 100 గ్రాముల తూనికరాయిని రెండు త్రాసులతో మూడేసి సార్లు తూచామనుకోండి. మొదటి త్రాసు 92.1, 92.0, 92.1 గ్రాములు చూపింది. ఈ విలువలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి, కనుక ప్రిసైజ్. కాని అసలు విలువకు దూరం. కనుక యాక్యురేట్ కావు. రెండవ త్రాసు 98, 103, 99 చూపింది. ఇవి చెదిరి ఉన్నాయి; ప్రిసైజ్ కావు. అయినా వీటి సగటు 100. ఆ సగటు యాక్యురేట్.

ఈ తేడా ఎంత ముఖ్యమో 1990లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోపును రోదసిలోకి పంపారు. దాని ప్రధాన దర్పణం వ్యాసం 2.4 మీటర్లు. దాన్ని ఎంతో ప్రిసైజ్‌గా అరగదీశారు. కాని దాని ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పుగా అమరింది. అందువల్ల పరికరం ప్రతిసారీ ఒకే తప్పు చెప్పింది! దర్పణం అంచు సుమారు 2.2 మైక్రోమీటర్లు ఎక్కువ చదునైంది. ఫోటోలు మసకబారాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి, లోపాన్ని సవరించే పరికరాలు అమర్చవలసి వచ్చింది.

విచిత్రమేమంటే, వేరే పరీక్షా పరికరాలు ఆ తప్పును ముందే చూపాయి. అవి అంత నమ్మదగినవి కావని పక్కన పెట్టారు!

కనుక మూడుసార్లూ ఒకే విలువ వచ్చిందని సంతృప్తి పడకండి. అది ప్రిసైజ్ మాత్రమే. యాక్యురేట్ అవునో కాదో తేలాలంటే మరో పరికరంతోనూ కొలిచి చూడండి.